ఉమామహేశ్వరంలో ఎర్ర గొంతు పిట్ట: చూసింది ముందు రాయి, పేరు తర్వాత పెట్టు

తమ్మీ, వయసులో పెద్దవాణ్ణి, నువ్వు అనే అంటాను, ఏమనుకోకు. నువ్వు అడిగింది ఇదీ: నవంబర్ రెండో వారంలో అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరం గుట్ట కింద, పొద్దున ఏడున్నరకు, పిచ్చుక కన్నా చిన్న పిట్ట కనపడింది. గొంతు నుంచి రొమ్ము దాకా ఎరుపు, ఆ ఎరుపు అంచున నల్ల గీత. రెండు ఫొటోలు తీశావు. ఇంటికొచ్చి పుస్తకం తిప్పితే కశ్మీర్ ఫ్లైక్యాచర్ అనే, పురుగులు పట్టి తినే చిన్న పిట్ట బొమ్మతో సరిపోయింది. పిట్టలు చూసేవాళ్ళు తమ లెక్కలు ఎక్కించే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కించావు. అక్కడ ఎంట్రీలు సరిచూసే రివ్యూయర్ 'ఇంకా వివరాలు ఇవ్వగలరా, రెడ్-బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్ కావచ్చు' అని రాశాడు. 'కళ్ళారా చూసింది నేను, కాదంటున్నది ఎక్కడో కూర్చున్న ఆయన, నేను ఎట్లా నిరూపించుకోవాలె' అని నీ కోపం.

ముందే చెప్పేస్తా. ఆ రెండు ఫొటోలతో నేనైనా ఒప్పుకోను. అట్లని నువ్వు చూడలేదని కూడా అనను. నువ్వు ఒక పిట్టను చూశావు, అది నిజం. దానికి ఒక పేరు పెట్టావు, అది నీ తీర్పు. రివ్యూయర్ అడుగుతున్నది తీర్పు గురించి. నువ్వేమో నిన్ను అబద్ధాలకోరు అన్నట్టు తీసుకున్నావు.

నేను ముప్పై ఏళ్ళు రెవెన్యూలో పనిచేసి దేవరకొండలో రిటైరయ్యాను. పిట్టలు చూసే పిచ్చి అంతకన్నా పాతది. ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఒక్కటే: పొలం ఎవరిదో రాసే పహాణీలో ఒకసారి తప్పు పేరు పడితే, వచ్చే ఏడు రాసేవాడు పొలం దాకా పోడు, పాతది చూసి అదే దించేస్తాడు. పదేళ్ళకు ఆ తప్పే రుజువై కూర్చుంటుంది. పిట్టల లెక్క కూడా అంతే. ఇవాళ ఉమామహేశ్వరం దగ్గర కశ్మీర్ ఫ్లైక్యాచర్ అని పటం మీద ఒక చుక్క పడితే, వచ్చే ఏడు ఇంకొకాయన 'ఇక్కడ ఇంతకుముందు కూడా కనపడింది కదా' అని తన ఎర్ర గొంతు పిట్టకు అదే పేరు పెడతాడు. రెండు చుక్కలవుతాయి. మూడో ఏడు పటం రంగు మారుతుంది.

ఇక పిట్ట సంగతి. కశ్మీర్ ఫ్లైక్యాచర్ ఎండాకాలం కశ్మీర్ లోయలో, పీర్ పంజాల్ కొండల్లో గూడు పెడుతుంది. సెప్టెంబర్, అక్టోబర్‌లలో దిగి నీలగిరులకు, శ్రీలంక కొండలకు పోతుంది. ఆ రెండింటి నడుమ ఉన్నది మన దక్కనే. కాబట్టి దారిలో ఒకటి నల్లమల అంచున రెండు రోజులు దిగడం జరగని పనేమీ కాదు. రివ్యూయర్ 'అసాధ్యం' అనలేదు, గమనించు. కానీ దాని చుట్టం రెడ్-బ్రెస్టెడ్ మన దగ్గర చలికాలం పొడుగునా ఉంటుంది. మామిడి తోటలో, చింతల కింద, వాగు ఒడ్డున ఎక్కడ నిలబడ్డా కొమ్మ మీంచి కిందికి దూకి, పురుగును పట్టి, మళ్ళీ పైకెక్కి తోక నిక్కబొడిచేది అదే. ఇంకో చుట్టం టైగా ఫ్లైక్యాచర్ కూడా వస్తుంది. అందుకే మన వైపు ఎర్ర గొంతు కనపడితే, కాదని తేలేదాకా రెడ్-బ్రెస్టెడ్ అనే అనుకోవాలి. రుజువు భారం కశ్మీర్ అనేవాడి మీదే.

ఈ మూడింటి తేడా కొంచెం ఓపికగా చూడు, నీ కేసు మొత్తం ఇక్కడే ఉంది. రెడ్-బ్రెస్టెడ్ మగదానికి గొంతు నారింజ ఎరుపు. వయసు మీరిన మగవాటికి అది రొమ్ము పైభాగం దాకా దిగుతుంది. చుట్టూ బుగ్గలు, మెడ పక్కలు బూడిద రంగు. కశ్మీర్ మగదానికి ఎరుపు గొంతుతో ఆగదు, రొమ్ము నిండి డొక్కల దాకా పారుతుంది, మెడ పక్క నుంచి రొమ్ము పక్కగా ఒక నల్ల అంచు ఆ ఎరుపును కట్టేసినట్టు దిగుతుంది. టైగాకు ఎరుపు గొంతుకే పరిమితం, దాని కింద బూడిద పట్టీ. పైగా టైగా మగది చలికాలం ఈకలు మార్చుకుని ఆ ఎరుపును పోగొట్టుకుంటుంది, మళ్ళీ ఎండాకాలం ముంగిట తెచ్చుకుంటుంది. రెడ్-బ్రెస్టెడ్ పెద్ద మగది ఏడాదంతా ఎర్రగానే ఉంటుంది. నవంబర్‌లో నిండు ఎరుపు కనపడిందంటే టైగాను దాదాపు పక్కన పెట్టొచ్చు. మూడింటికీ తోక నలుపు, మొదట్లో రెండు పక్కలా తెలుపు. నీ రాతలో 'తోకలో తెలుపు ఉంది కాబట్టి కశ్మీర్' అన్న వాక్యం ఉంది చూడు, దాంతో ఏమీ తేలదు.

తేలదు అన్నానా, ఒక విషయంలో మాత్రం తేలుతుంది. నువ్వు అసలు తలవనే తలవని నాలుగో పిట్ట ఉంది. టికెల్స్ బ్లూ ఫ్లైక్యాచర్. వలస కాదు, మన ఊరిదే. ఉమామహేశ్వరం లాంటి నీడ పట్టు, రాళ్ళ మధ్య తడి ఉండే చోటు దానికి పుట్టిల్లు. వీపు నీలం, గొంతు, రొమ్ము నారింజ. పొద్దున ఏడున్నరకు గుట్ట నీడలో ఆ నీలం నలుపుగానే కనపడుతుంది. నారింజ రొమ్ము, పక్కన నలుపు, ఇదే కదా నువ్వు చెప్పింది! దాని తోకలో ఆ తెలుపు ఉండదు. కాబట్టి తెలుపును నిజంగా చూశావా, పుస్తకం చూశాక గుర్తొచ్చిందా? జవాబు నాకు చెప్పనక్కర్లేదు, నీ మనసుకు చెప్పుకో. చూసి ఉంటే టికెల్స్ పోయినట్టే, నీ కేసు ఒక మెట్టు ఎక్కినట్టే.

ఈ గుర్తొచ్చే రోగం గురించి నా సిగ్గు కథ ఒకటి చెప్తా. చాలా ఏళ్ళ కింద, మోదుగలు పూసిన రోజుల్లో, డిండి వైపు రోడ్డు పక్కన బూడిద రంగు బుల్లి పిట్టను చూశాను. నుదురు, ముక్కు చుట్టూ పసుపు. అట్లాంటి పిట్ట నేనెరిగిన పుస్తకాల్లో లేదు. రాత్రంతా నిద్ర లేదు. దేశానికే కొత్త పిట్ట అనుకున్నాను! మర్నాడు రెండు పేజీలు రాసి, నాకన్నా పెద్దాయన, హైదరాబాద్‌లో పిట్టలు చూసే ఒకాయనకు పోస్టు చేశాను. ఆ రెండు పేజీల్లో 'కంటి చుట్టూ పసుపు వలయం', 'రెక్క మీద లేత పట్టీ' అని కూడా ఉంది. ఎక్కడివి అవి? రాత్రి రకరకాల బొమ్మలు చూసి చూసి వాటిలోంచి ఎత్తుకొచ్చినవి. ఆయన ఒకే ప్రశ్నతో కార్డు ముక్క రాశాడు: 'ఆ చెట్టు మీదికి వచ్చిన మిగతా పిట్టల నుదురు ఏ రంగులో ఉంది?' నాకు కోపమొచ్చింది. కోపంగానే పోయి చూశాను. ఆడ తేనెపిట్ట నుదురు పసుపు. పికిలి పిట్ట ముక్కు మొదట్లో పసుపు. మోదుగ పుప్పొడి, తమ్మీ. నా కొత్త పిట్ట ప్రతి చలికాలం మన తుమ్మల్లోకి వచ్చే లెస్సర్ వైట్‌త్రోట్, పూలలో మూతి పెట్టి రంగు పూసుకున్నది. హోలీకి దాని తొందర దానిది.

అందులో నన్ను బాధపెట్టింది పుప్పొడి కాదు. లేని కంటి వలయాన్ని చూశానని నేను నమ్మి రాయడం. ఆరోజు నుంచి నాకొక కట్టుబాటు. పిట్ట ఎగిరిపోయాక పుస్తకం, ఫోను ముట్టకుండా అక్కడే నిలబడి నోటుబుక్కులో రాస్తాను. ఎక్కడ కూర్చుంది, ఎంత ఎత్తు, ఎంత దూరం, ఎండ నా వీపు వైపా, ముఖం వైపా, ఎంతసేపు, పక్కన ఉన్న ఏ పిట్టతో పోల్చి ఎంత సైజు, ఏం చేస్తోంది, ఏం అరిచింది. తర్వాత ముక్కు మొదలు తోక దాకా కనపడిన రంగు కనపడినట్టు. ముఖ్యంగా కనపడనివి కూడా: 'కాళ్ళు చూడలేదు', 'వీపు చూడలేదు, ఒక్కసారీ తిరగలేదు'. నీకు వింతగా ఉండొచ్చు కానీ, చూడలేదు అని రాసిన మనిషిని రివ్యూయర్ ఎక్కువ నమ్ముతాడు. అన్నీ చూశానన్న సాక్షిని కోర్టులో కూడా వకీలు ముందు పడగొడతాడు. ఒక గీతల బొమ్మ వెయ్యి. బొమ్మ వెయ్యడం రాదంటావా, గుడ్డు మీద గుడ్డు పెట్టి ముక్కు, తోక తగిలించు, బాణం గుర్తులతో రంగులు రాయి, అది చాలు. పంచనామా అక్కడికక్కడ రాస్తేనే పంచనామా. మర్నాడు ఆఫీసులో కూర్చుని రాస్తే అది కథ.

నీ ఈబర్డ్ వ్యాఖ్య మళ్ళీ చదువుకో: 'కశ్మీర్ ఫ్లైక్యాచర్ మగది, స్పష్టంగా కనపడింది, నల్ల అంచు ఉంది.' మొదటి రెండు మాటలే తీర్పు. దాని బదులు ఇట్లా ఉంటే: 'సుమారు 15 మీటర్ల దూరం, గుట్ట నీడ, రెండు నిమిషాలు. ఎరుపు గొంతు నుంచి ఇంతవరకు దిగింది. కుడి పక్క నలుపు చెవి కింద మొదలై ఇక్కడిదాకా. ఎడమ పక్క కనపడలేదు. డొక్కలు ఏ రంగో చూడలేకపోయాను.' ఇది చదివినవాడు నీ పక్కన నిలబడి చూసినట్టు ఉంటుంది, తీర్పు వాడే ఇచ్చుకోగలడు. పేరు ఎంత తక్కువ వాడితే రాత అంత గట్టిపడుతుంది.

ఫొటోలకు వద్దాం. నువ్వు పంపినవి వాట్సాప్‌లో ఒకరికి పంపి, వాళ్ళ నుంచి తిరిగి తీసుకున్నవి అనిపిస్తోంది. వాట్సాప్ ఫొటోను పిండేస్తుంది, తీసిన తేదీ, టైము, కెమెరా వివరాలు రాలిపోతాయి. కెమెరా కార్డులోంచి వచ్చిన అసలు ఫైలు తీసి పెట్టుకో, దాన్ని ముట్టకు. కత్తిరించినది, వెలుగు పెంచినది వేరే కాపీలో. ఈ మధ్య 'షార్ప్' చేసే యాప్‌లు లేని ఈకలను కూడా గీసి ఇస్తున్నాయి. నీ రెండో ఫొటోలో నల్ల అంచు కత్తితో కోసినట్టుంది, కంటి చుట్టూ మాత్రం మసక. కన్ను మసకగా ఉండి అంచు ఒక్కటే అంత పదునుగా ఉండటం మామూలు కాదు. యాప్ వాడావా? వాడితే చెప్పు, తప్పేం లేదు, దాచితేనే తప్పు. మొదటి ఫొటో ఎండ ఏటవాలుగా పడే వేళది. ఆ ఎండలో నారింజ ఎరుపవుతుంది, బూడిద నలుపవుతుంది. అదే కొమ్మ మీద కూర్చున్న ఇంకేదైనా తెలిసిన పిట్ట ఫొటో, పికిలిదో నల్లంచిదో, ఆ నిమిషాల్లోనే తీసింది ఉంటే అది కూడా జత చెయ్యి. దాని రంగు ఎంత మారిందో చూస్తే, నీ పిట్ట రంగు ఎంత నమ్మాలో తెలుస్తుంది. ఈ చిన్న చిట్కా నాకు చాలాసార్లు పనికొచ్చింది.

మళ్ళీ కనపడితే అందం కోసం తీయకు. ఎదురుగా ఒకటి, రెండు పక్కలా ఒక్కొక్కటి, రెక్క దించినప్పుడు డొక్క, కింది ముక్కు మొదట్లో రంగు, తోక విప్పినప్పుడు ఒకటి. వీపు వైపు నుంచి తోక మొదట్లో కప్పే ఈకలు కూడా: అవి తోక కన్నా కారు నలుపైతే టైగా మాట ఎత్తాలి. టైగాకు ముక్కు మొత్తం నలుపు, రెడ్-బ్రెస్టెడ్‌కు కింది ముక్కు మొదలు లేతగా ఉంటుంది. పది మసక ఫొటోలు ఒక మంచి ఫొటో కన్నా మేలు, ఎందుకంటే నీడ కదులుతుంది, నిజమైన గీత కదలదు. అన్ని ఫొటోల్లో అదే చోట నలుపు ఉంటే అది ఈకది. కెమెరా గడియారం సరిగ్గా ఉందో లేదో ఫోను టైమును ఒక ఫొటో తీసి చూసుకో.

ఇక అరుపు గురించి. పిట్ట అరుపును ఫోనులో రికార్డు చెయ్యి, నిమిషమైనా సరే. డబ్ల్యూఏవీ ఫైలుగా దాచే యాప్ వాడు, చివర్లో నీ గొంతుతోనే తేదీ, చోటు చెప్పు. శబ్దం శుభ్రం చేసే పని పెట్టుకోకు. రెడ్-బ్రెస్టెడ్ గిలక తిప్పినట్టు నెమ్మదిగా 'టిర్‌ర్‌ర్' అంటుంది, టైగాది ఇంకా వేగం, పొడిగా, చిమ్మెట అన్నట్టు. ఒక్క అరుపుతో కశ్మీర్ అని తేల్చలేవు, కానీ కేసులో అదొక కాగితం. అరుపు విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ ఆ పేరు చూపించింది అని మాత్రం రాయకు. అది నీకు సలహా, ఇంకొకరికి సాక్ష్యం కాదు. నల్లమలలో ఇంకో తిరకాసు కూడా ఉంది. తోక చివర రెండు గరిటెలు వేలాడినట్టుండే పెద్ద ఎట్రింత, అదే రాకెట్-టెయిల్డ్ డ్రాంగో, అడవిలో అందరి గొంతూ అనుకరిస్తుంది. ఆకుల్లో కలిసిపోయే జెర్డన్స్ లీఫ్‌బర్డ్ కూడా తక్కువ తినలేదు. మన్ననూరు దగ్గర యాప్ చూపించిన ఒక 'అరుదైన పిట్ట' కోసం నేను గంటసేపు మెడ నొప్పి పుట్టేదాకా చూశాను, చివరికి కొమ్మ మీంచి గరిటెల తోక ఊపుకుంటూ పోయింది. గొంతు విన్నప్పుడు ముక్కు కదలడం చూశావా లేదా రాసుకో.

పిట్టను బయటికి రప్పించడానికి దాని రికార్డు పాట మోగించకు. చలికాలం ఈ ఫ్లైక్యాచర్లు ఒక్కొక్కటి తన జాగా పట్టుకుని కాస్తాయి, పరాయిది వచ్చిందనుకుని పురుగులు పట్టే వేళ కొట్లాటకు తిరుగుతుంది. అంత దూరం ఎగిరొచ్చిన ప్రాణికి అది న్యాయం కాదు. ఆ జాగా పట్టే అలవాటే నీకు అవకాశం కూడా. రెడ్-బ్రెస్టెడ్ అయితే మర్నాడు, మరో వారం కూడా అదే చింత కింద దొరికే వీలు ఎక్కువ. మళ్ళీ చూడొచ్చు, ఇంకొకరికి చూపించొచ్చు.

ఇంకొకరు అన్నాను కదా, అక్కడ ఒక జాగ్రత్త. సోపతిగాణ్ణి పిలిచి 'అదిగో కశ్మీర్ ఫ్లైక్యాచర్' అని చూపిస్తే, వాడికి కశ్మీర్ ఫ్లైక్యాచరే కనపడుతుంది. 'ఆ పిట్టను చూసి రాయి' అను, అంతే. ఇద్దరూ మాట్లాడుకోకుండా రాయండి, తర్వాత రెండు కాగితాలు పక్కపక్కన పెట్టండి. తేడాలు కూడా అట్లనే పంపండి. ఒకే మాటలతో రెండు వాంగ్మూలాలు వస్తే ఒకదాన్ని చూసి ఇంకొకటి దించారని నాకు వెంటనే అనుమానం వచ్చేది. అలవాటైన ప్రాణం.

చెంచు అన్నలను, గొర్రెల కాపరులను అడగడం మంచిదే, వాళ్ళకు తెలిసినంత మనకు తెలియదు. 1900 తర్వాత ఎవరికీ కనపడకుండా పోయిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్ళీ బయటపడిందంటే, దాన్ని పట్టి చూపించింది ఐతన్న అనే స్థానికుడు. కానీ అడిగే తీరు ఉంటుంది. ఫోనులో బొమ్మ చూపించి 'ఇదేనా?' అంటే, మర్యాదకైనా 'ఆ, ఇదే' అంటారు. 'ఈ చెట్ల కింద దిగి పురుగులు తినే చిన్న పిట్టలు ఏమేమి వస్తయి, ఎట్లుంటయి' అని అడిగి ఊరుకో. వాళ్ళే చెప్తారు, నువ్వు రాసుకో.

చోటు సంగతి రెవెన్యూ మనిషిని కాబట్టి కొంచెం నొక్కి చెప్తాను. నువ్వు 'మహబూబ్‌నగర్ జిల్లా' అని రాశావు. 2016 అక్టోబర్ నుంచి అచ్చంపేట నాగర్‌కర్నూల్ జిల్లా. పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేసినప్పుడు మన్ననూరు, ఫరహాబాద్ కూడా వచ్చాడు. ఆ రికార్డులు అప్పుడు హైదరాబాద్ రాజ్యానివి, 1956 తర్వాత ఆంధ్రప్రదేశ్‌వి, 2014 నుంచి తెలంగాణవి. గుట్ట కదల్లేదు, పేర్లు కదిలాయి. నాగార్జునసాగర్ దగ్గరైతే ఇంకా చిక్కు: నది ఈ ఒడ్డున వాలిన పిట్ట తెలంగాణ జాబితాది, ఆ ఒడ్డున వాలితే ఆంధ్ర జాబితాది. రెండు రాష్ట్రాల్లోనూ ఒకే పేరున్న ఊళ్ళు ఎన్నో. అందుకే అక్షాంశం, రేఖాంశం పెట్టు. ఫోను ఇస్తుంది, ఖర్చు లేదు. గుడి మెట్ల నుంచి ఎటు పక్క, ఏ చెట్టు అని కూడా రాయి. అడవి లోపలికి మాత్రం దారి తప్పి పోకు, అమ్రాబాద్ పులుల రిజర్వు అది, అనుమతి కావాలి.

సాలిం అలీ మాట వచ్చింది కాబట్టి: ఆయన కాలంలో రుజువు అంటే తుపాకితో కొట్టిన పిట్ట, చీటీ కట్టిన చర్మం. అనుమానం వస్తే తొంభై ఏళ్ళ తర్వాత కూడా మ్యూజియం సొరుగు తీసి చూడొచ్చు. మనం కొట్టం, కొట్టకూడదు. మన చర్మం, చీటీ రెండూ ఆ అసలు ఫైలు, ఆ నోటుబుక్కు పేజీయే. ఐతే చీటీ కూడా అబద్ధమాడుతుంది. అడవి గుడ్లగూబ, ఫారెస్ట్ ఔలెట్, 1884 తర్వాత దొరకలేదు. మైనర్ట్‌జాగెన్ అనే ఇంగ్లిష్ మిలిటరీ ఆఫీసరు 1914లో గుజరాత్‌లోని మాండ్వి దగ్గర ఒకటి దొరికిందని చీటీ కట్టాడు. అది మ్యూజియం నుంచి దొంగిలించిన, వేరే వాళ్ళు పాతకాలంలో సేకరించిన చర్మమని చర్మం తయారైన తీరును పరిశీలించాక తేలింది. ఆ చీటీని పక్కన పెట్టి, నిజమైన పాత చర్మాలు దొరికిన చోట్లకే పోయి వెతికితే, 1997 నవంబర్‌లో పమేలా రస్‌ముసెన్, బెన్ కింగ్ అనే పక్షి పరిశోధకులకు మహారాష్ట్రలో షహాదా దగ్గర బతికున్న పిట్ట కనపడింది. ఒక్క దొంగ చీటీ వెతికేవాళ్ళను ఎటు తిప్పిందో చూడు. నువ్వు దొంగవు అనడం లేదు. రివ్యూయర్‌కు ఇట్లాంటివి చదివిన చరిత్ర ఉంటుంది, అందుకే అడుగుతాడు.

పంజరం పిట్ట అనుమానం కూడా ఎప్పుడూ ఉండాలి, కానీ నీ కేసులో అంత బరువు లేదు. పురుగులు తినే ఈ చిన్న ఫ్లైక్యాచర్లను ఎవరూ అమ్మకానికి పెంచరు. మునియాలు, చిలకలు అయితే అడుగుతాను. దసరాకు పాలపిట్టను పంజరంలో తెచ్చి చూపించే అలవాటు మన దగ్గర ఉన్నదే, చట్టం ఒప్పుకోకపోయినా. ఆ వారం ఊరి నడుమ రెక్క విరిగిన పాలపిట్ట కనపడితే దాని లెక్క వేరు. తోక అరిగిందా, ముక్కు పగిలిందా, కాలికి రింగు ఉందా చూసుకుంటే చాలు.

రివ్యూ ఎట్లా నడుస్తుందో రెండు మాటలు. ఈబర్డ్‌లో ప్రతి ప్రాంతానికి, ప్రతి నెలకు ఒక జల్లెడ ఉంటుంది: ఏ పిట్ట ఎన్ని కనపడితే మామూలు అని. నీ పిట్ట ఆ జల్లెడలో ఆగింది, ఆగిన ప్రతిదాన్నీ ఒక మనిషి చూస్తాడు. జీతం లేని మనిషి, మనలాంటి పిట్టల పిచ్చివాడే. ఆయన ఒప్పుకోకపోతే నీ సొంత జాబితాలోంచి పిట్టను ఎవరూ తీసెయ్యరు, అందరూ చూసే పటం మీదికి మాత్రం ఎక్కదు. కొత్త ఫొటో దొరికితే మళ్ళీ తెరుస్తారు. ఆయనకు జవాబు రాసేటప్పుడు 'ఇరవై ఏళ్ళ అనుభవం' లాంటి మాటలు రాయకు, నువ్వు రాసిన మొదటి జవాబులో అవే ఉన్నాయి. నీకు ఇంతకుముందు రెడ్-బ్రెస్టెడ్ ఎన్నిసార్లు కనపడింది, ఎంత దగ్గర నుంచి చూశావు, అది రాయి. అది పనికొచ్చే అనుభవం.

ఇప్పుడు చేయాల్సింది. ఆ ఎంట్రీని జాతి తేలని ఫ్లైక్యాచర్‌గా మార్చు, వ్యాఖ్యలో కశ్మీర్ అనుమానం ఎందుకొచ్చిందో రాయి, అసలు ఫైళ్ళు రెండూ జత చెయ్యి. ఇది ఓడిపోవడం కాదు, నా నోటుబుక్కులో ఇట్లా పేరు లేని పిట్టలు నలభైకి పైగా ఉన్నాయి, వాటి మీద నాకు పేరున్న వాటికన్నా మమకారం ఎక్కువ. తర్వాత రేపో ఎల్లుండో మబ్బుల్నే లేచి అదే చెట్టు దగ్గరికి పో. ఒక్కడివి పోకు, రాయగలిగిన ఇంకొకణ్ణి తీసుకుపో. అక్కడున్న ఎర్ర గొంతులన్నీ లెక్కపెట్టు, ఒక్కొక్కదాని మెడ పక్క ఫొటో తీయి. మూడు రెడ్-బ్రెస్టెడ్‌ల మధ్య నీది వేరుగా ఉంటే ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. హైదరాబాద్‌లో డెక్కన్ బర్డర్స్ సంఘం ఉంది, 1980లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ పేరుతో మొదలైంది, అందులో ఎవరికైనా ఫొటోలు పంపినా చూస్తారు. నిజంగా కశ్మీరే అని తేలితే 'ఇండియన్ బర్డ్స్' పత్రికకు చిన్న నోట్ రాయాలి, అప్పుడు నేనూ కూర్చుంటాను నీతో.

ఇప్పుడు దొరక్కపోతే మార్చి ఆఖరు గుర్తుపెట్టుకో. ఆ పిట్టలు ఉత్తరానికి తిరిగిపోయే రోజులవి. ఆ రోజుల్లో టైగాలకు కూడా ఎర్ర గొంతు తిరిగొచ్చి ఉంటుంది, తికమక రెండింతలవుతుంది, కాబట్టి ముక్కు, తోక మొదలు ఈకలు చూడటం ఇప్పటి నుంచే అలవాటు చేసుకో. మోదుగ దగ్గర దొరికితే మాత్రం ముందు మిగతా పిట్టల నుదుళ్ళు చూసి రా.